పృథ్వి: నూట యాభై కిలోమీటర్ల చదువు

తెలుగు రాష్ట్రాల పటం బల్ల మీద పరిచి, అనకాపల్లి జిల్లాలోని గొలుగొండ మీద కంపాస్ ముల్లు గుచ్చండి. పటం కొలత ప్రకారం 150 కిలోమీటర్లకు పెన్సిల్ సర్ది ఒక చుట్టు తిప్పండి. నర్సీపట్నం, అనకాపల్లి ఎలాగూ పక్కనే ఉన్నాయి. విశాఖపట్నం, కాకినాడ, రాజమహేంద్రవరం, విజయనగరం కూడా ఆ గీత లోపలే పడతాయి. శ్రీకాకుళం మాత్రం కొద్దిలో బయట ఉండిపోతుంది. 250 కిలోమీటర్లకు పెంచితే విజయవాడ లోపలికి వస్తుంది. 350కి వెళ్ళినా హైదరాబాద్ ఇంకా అందదు. 500 దగ్గర అదీ అందుతుంది. ఈ నాలుగు అంకెలూ మన దేశపు తక్కువ దూరపు బాలిస్టిక్ క్షిపణులవి. మొదటిది 1988లో తొలిసారి ఎగిరిన పృథ్వి-1 పరిధి. తర్వాతి రెండూ పృథ్వి-2వి. మొదట 250 అన్నారు, ఆ తర్వాత 350కి పెంచారు. నాలుగోది 2021 డిసెంబరులో తొలిసారి పరీక్షించిన ప్రళయ్‌ది. ముప్పై మూడేళ్ళ పని ఈ గీతల మధ్య ఉంది.

క్షిపణి పరీక్ష వార్త వచ్చినప్పుడల్లా మన చూపు ముందు కిలోమీటర్ల అంకె మీదికే పోతుంది. ఎంత దూరం పోతే అంత గొప్ప అనుకుంటాం. నా దృష్టిలో పృథ్వి కథలో పరిధిది చిన్న పాత్ర. హైదరాబాద్‌లోని ఒక ప్రయోగశాల, మూతపడిన పాత ప్రాజెక్టు నుంచి మిగిలిన ఇంజన్‌ను తీసుకుంది. దానితో వచ్చే తిప్పలు తెలిసి కూడా దాన్నే ఎంచుకుంది. ఆ ఇంజన్ మీద మిగతా విద్యంతా నేర్చుకుంది. ఇందులో చెప్పుకోవాల్సిన విషయం అదే. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు బాలిస్టిక్ క్షిపణి ఎలా పోతుందో తెలియాలి.

జొన్నచేలో మంచె ఎక్కి వడిసెల తిప్పే మనిషిని చూసినవాళ్ళకు ఇది సులువుగా బోధపడుతుంది. రాయి వడిసెలలో ఉన్నంతసేపే చేతి మాట వింటుంది. తాడు కొస వదిలాక ఇక ఏమీ చేయలేం. ఎంత వేగంతో, ఏ దిక్కుకు, ఎంత ఏటవాలుగా వదిలామో దాన్నిబట్టే అది పడే చోటు తేలిపోతుంది. మిగతా దారంతా భూమ్యాకర్షణ చేతిలో, గాలి చేతిలో ఉంటుంది. బాలిస్టిక్ క్షిపణిలోనూ ఇంజన్ మండేది ప్రయాణం మొదటి భాగంలోనే. అది ఆగాక మిగిలిన దూరమంతా ఆ విసురు మీదే పోతుంది. క్రూయిజ్ క్షిపణి అలా కాదు, గాలిలోనే ఉంటూ చివరిదాకా ఇంజన్ నడుపుకుంటూ పోతుంది. మనకు బాగా తెలిసిన బ్రహ్మోస్ ఆ కోవకు చెందినది.

ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లో ప్రక్షేపకాల పాఠం గుర్తున్నవాళ్ళు మిగతా లెక్క తామే వేసుకోవచ్చు. గాలి అడ్డును కాసేపు పక్కన పెడదాం. 45 డిగ్రీల వాలుతో విసిరిన వస్తువు 150 కిలోమీటర్ల అవతల పడాలంటే, ఇంజన్ ఆగే సమయానికి దాని వేగం సెకనుకు సుమారు 1.2 కిలోమీటర్లు ఉండాలి. అది 37 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు వెళుతుంది, అంటే ప్రయాణికుల విమానాలు ఎగిరే ఎత్తుకు మూడింతలు దాటి. విసిరిన క్షణం నుంచి పడేదాకా పట్టేది దాదాపు మూడు నిమిషాలు. 350 కిలోమీటర్లకు లెక్క వేసినా నాలుగున్నర నిమిషాలు దాటదు. పృథ్వికి నడుము దగ్గర నాలుగు రెక్కలున్నాయి, గాలిలో ఉన్నప్పుడు వాటి సాయంతో దారి కొంత మార్చుకోగలదు. అందువల్ల దాని అసలు లెక్క ఇంత సాఫీగా ఉండదు. కానీ విషయం ఏ పాటిదో తెలుసుకోవడానికి ఇది చాలు. ఈ మూడు నిమిషాలను గుర్తుపెట్టుకోండి, తర్వాత వీటితో పని ఉంది.

ఇప్పుడు గురి సంగతి. ఇంజన్ ఆగే క్షణంలో వేగం ఉండాల్సినదానికన్నా సెకనుకు ఒక్క మీటరు ఎక్కువైందనుకుందాం. మనిషి తీరిగ్గా నడిచే వేగం అది. 1,200లో ఒక వంతు తేడా కూడా కాదు. అయినా క్షిపణి దాదాపు 250 మీటర్లు అవతల పడుతుంది. దిక్కులో డిగ్రీలో పదో వంతు తేడా వస్తే 260 మీటర్లు పక్కకు పోతుంది. మన పల్లెల్లో సైనిక శిబిరానికీ బడికీ మధ్య అంత దూరం కూడా ఉండకపోవచ్చు. అందుకే తక్కువ దూరపు క్షిపణి తయారీలో ఎగిరించడం సగం పనే. సరైన వేగం వచ్చిన క్షణాన్ని పట్టుకుని అక్కడ ఇంజన్‌ను ఆపడం మిగతా సగం. నన్నడిగితే కష్టమైన సగం అదే.

ఆ పని చేసేది లోపలి మార్గనిర్దేశక వ్యవస్థ. బయటి నుంచి ఏ సంకేతమూ అందకుండానే తానెక్కడున్నదీ క్షిపణి తానే తెలుసుకోవాలి. ఎటు తిరిగిందో జైరోస్కోపులు చెబుతాయి. వేగం ఎంత పెరిగిందో యాక్సిలరోమీటర్లు చెబుతాయి. ఆ మార్పులను క్షణక్షణం కూడుకుంటూ పోతే ఇప్పటి వేగం, ఇప్పటి చోటు తెలుస్తాయి. పాత పద్ధతిలో ఈ పరికరాలను క్షిపణి ఎటు ఒరిగినా కదలని ఒక వేదిక మీద అమర్చేవారు. ఆ వేదిక చేయడమే ఒక పెద్ద యంత్రనిర్మాణం. రెండో పద్ధతిలో పరికరాలను నేరుగా క్షిపణి ఒంటికే బిగించేస్తారు. దాంతో పాటు అవీ తిరుగుతాయి, ఊగుతాయి. ఆ తిరుగుడునంతా లెక్కలో సరిచేసే బాధ్యత కంప్యూటర్‌ది. యంత్రం తేలికవుతుంది, గణితం బరువెక్కుతుంది. పృథ్వికి ఈ రెండో పద్ధతిని ఎంచుకున్నారు. 1980ల్లో, కొత్త కంప్యూటర్ కొనడానికి కూడా విదేశాల అనుమతి కోసం ఎదురుచూడాల్సిన దేశంలో తీసుకున్న నిర్ణయమది. అందుకు కావాల్సిన మార్గనిర్దేశక గణితాన్ని కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఘోషాల్ బృందం తయారుచేసింది. అందులో పనిచేసినవాళ్ళు చాలావరకు కుర్రవాళ్ళే. ఈ విషయం మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలకు ఎవరైనా చెబుతున్నారో లేదో కానీ, తప్పకుండా చెప్పాలి.

ఇంత దూరం ఎలా వచ్చారన్నది తెలియాలంటే ఇంకాస్త వెనక్కి పోవాలి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. ఈ మూడు పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం వరసగా దాడి చేసి తుపాకులూ తూటాలూ పట్టుకుపోయింది. కృష్ణదేవిపేట గొలుగొండ మండలంలోదే, ఆయన సమాధి ఉన్నదీ అక్కడే. తుపాకీ చేసుకునే వీలు లేనివాడికి అది ఎదుటివాడి ఠాణాలోనే దొరుకుతుంది. స్వాతంత్ర్యం వచ్చాక మనకు ఆ అగత్యం తప్పింది కానీ, కొనుక్కోవాల్సిన అగత్యం తప్పలేదు. 1970లో హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో భారత్ డైనమిక్స్ మొదలైనప్పుడు అక్కడ చేసింది ఫ్రెంచి నమూనా ట్యాంకు విధ్వంసక క్షిపణి. విమానాలను కూల్చే ఎస్-75 క్షిపణులు సోవియట్ యూనియన్ నుంచి వచ్చాయి. కొన్న ఆయుధానికి విడిభాగాలూ వాళ్ళే ఇవ్వాలి, మరమ్మతూ వాళ్ళే చేయాలి, యుద్ధం వస్తే మళ్ళీ ఇస్తారో లేదో వాళ్ళ దయ.

హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాలకు, అంటే డీఆర్‌డీఎల్‌కు, 1970ల్లో ఒక పని అప్పగించారు. ఆ సోవియట్ ఎస్-75ను విప్పి చూసి, అచ్చంగా అలాంటిదే మనమూ చేయాలి. ప్రాజెక్టు పేరు డెవిల్. ఒక వస్తువును చూసి అలాంటిదే చేయడం వినడానికి తేలికగానే ఉంటుంది. లోహం ఏమిటో తెలుస్తుంది, దాన్ని ఎలా కరిగించి ఎలా పోత పోశారో తెలియదు. కొలత తెలుస్తుంది, ఆ కొలత ఎందుకు పెట్టారో తెలియదు. డెవిల్ నుంచి సైన్యానికి అందిన క్షిపణి ఒక్కటీ లేదు. కొన్నేళ్ళకు ప్రాజెక్టు మూతపడింది. ప్రయోగశాలలో నిరుత్సాహం మిగిలింది.

కానీ నిరుత్సాహంతో పాటు ఇంకొకటి కూడా మిగిలింది. ఎస్-75లోని ద్రవ ఇంధన ఇంజన్‌ను చేయడం, మండించడం, ఆపడం వాళ్ళకు వచ్చేసింది. సుమారు మూడు టన్నుల తోపుడు శక్తి ఉన్న ఇంజన్ అది. ఖర్చు పుస్తకంలో డెవిల్ నష్టమే. చేతికొచ్చిన పనితనం లెక్కలో అది పెట్టుబడి. ప్రభుత్వ ప్రాజెక్టుల్లో ఈ రెండో పుస్తకాన్ని మనం ఎప్పుడూ రాసుకోం.

1982లో ఇస్రో నుంచి ఏపీజే అబ్దుల్ కలాం డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా వచ్చారు. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన ఎస్ఎల్‌వీ-3కి నాయకత్వం వహించి వచ్చిన మనిషి. క్షిపణులను ఒకదాని తర్వాత ఒకటిగా చేద్దామన్నది ప్రయోగశాల ప్రతిపాదన. అప్పటి రక్షణమంత్రి ఆర్.వెంకట్రామన్ అన్నీ కలిపి ఒకేసారి మొదలుపెట్టమన్నారు. 1983 జూలైలో 388 కోట్ల రూపాయలతో సమీకృత క్షిపణి కార్యక్రమానికి ఆమోదం దొరికింది. అందులో పృథ్వి, త్రిశూల్, ఆకాశ్, నాగ్, అగ్ని అనే ఐదు క్షిపణులున్నాయి. పృథ్వి బాధ్యత కల్నల్ వి.జె.సుందరానికి ఇచ్చారు. ఆయన సైన్యంలో ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజనీరింగ్ విభాగం మనిషి. ఆయుధాన్ని రేపు బురదలో, ఎడారిలో మోసేవాళ్ళ వైపు నుంచి ఆలోచించగలవాడు. తర్వాత ఆ స్థానంలోకి వచ్చిన వి.కె.సారస్వత్ ఆపైన డీఆర్‌డీఎల్‌కు మాతృసంస్థ అయిన డీఆర్‌డీవోకే అధిపతి అయ్యారు.

పృథ్వికి ఏ ఇంజన్ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ఘన ఇంధనం అయితే నింపి మూసిపెట్టవచ్చు, ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, ఆజ్ఞ రాగానే పేల్చవచ్చు. సైన్యానికి నచ్చేది అదే. కానీ ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే కాలిపోయేదాకా ఆగదు. కావలసిన వేగం రాగానే ఆపేయడం అంత సులువు కాదు. ద్రవ ఇంధనానికైతే సరఫరా కట్టేస్తే చాలు, మంట ఆగుతుంది. 80 కిలోమీటర్లకు వేయాలన్నా, 150కి వేయాలన్నా ఇంజన్‌ను ఎప్పుడు ఆపాలన్నది ఒక్కటే తేడా. పైగా మూడు టన్నుల ఇంజన్ చేతిలో సిద్ధంగా ఉంది. అలాంటివి రెండు పక్కపక్కన పెట్టారు. ఆ ఇంజన్లనే అటూ ఇటూ వంచి క్షిపణిని తిప్పే ఏర్పాటు చేశారు. దాదాపు తొమ్మిది మీటర్ల పొడవు, నాలుగు టన్నులు దాటిన బరువు, ముందు భాగంలో వెయ్యి కిలోల వార్‌హెడ్. పృథ్వి-1 అంటే ఇది.

డెవిల్ సేవ అంతటితో అయిపోలేదు. పృథ్వి లోహపు రూపం తీసుకోకముందే, 1984 జూన్‌లో, పాత డెవిల్ క్షిపణి ఒకదాన్ని సరిచేసి ఎగరేశారు. అందులో పెట్టింది ఒంటికి బిగించిన ఆ కొత్త మార్గనిర్దేశక వ్యవస్థ. మూతపడిన ప్రాజెక్టు క్షిపణి, ఇంకా పుట్టని క్షిపణి మెదడును మోసుకుని పైకి వెళ్ళింది. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. మరుసటి నెలలో ప్రధాని ఇందిరా గాంధీ ప్రయోగశాలకు వచ్చి పృథ్వి ఎప్పుడు ఎగురుతుందని అడిగారు. 1987 జూన్ అని చెప్పానని కలాం తన ఆత్మకథలో రాసుకున్నారు. అనుకున్నదానికి ఎనిమిది నెలలు ఆలస్యంగా, 1988 ఫిబ్రవరి 25 పొద్దున పదకొండు గంటలు దాటాక, శ్రీహరికోట నుంచి పృథ్వి లేచింది. అప్పటికి ఇందిర లేరు. ఒడిశా తీరంలోని చాందీపూర్ కేంద్రం ఇంకా పూర్తిగా సిద్ధం కాకపోవడంతో ఆ తొలి పరీక్ష అప్పటి మన నెల్లూరు జిల్లా దీవి మీద జరిగింది. అలా చూస్తే ఆలోచన, తయారీ, తొలి ప్రయోగం మూడూ అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగాయి.

ఆ వారంలోనే ప్రపంచంలో ఇంకో చోట ఇలాంటి క్షిపణులే మనుషుల మీద పడటం మొదలైంది. ఇరాన్, ఇరాక్ యుద్ధం ఎనిమిదో ఏడులో ఉంది. ఫిబ్రవరి 29న టెహ్రాన్ నగరం మీద ఇరాక్ అల్ హుస్సేన్ క్షిపణులు కురిపించింది. ఆ క్షిపణి సోవియట్ స్కడ్‌కు మార్పు రూపం. స్కడ్ సుమారు టన్ను బరువుతో 300 కిలోమీటర్లు పోతుంది. టెహ్రాన్ అంతకన్నా దూరం. అందుకని వార్‌హెడ్ బరువు తగ్గించి, ఇంధనం పెంచి, పరిధిని రెండింతలు చేశారు. గురి ఇంకా చెడింది. నగరమంత పెద్ద లక్ష్యం మీద తప్ప దేని మీదా పనికిరాని ఆయుధం అయింది. జనం లక్షల సంఖ్యలో ఊరు వదిలి పారిపోయారు. బరువు తగ్గిస్తే దూరం పెరుగుతుందన్న సూత్రం పృథ్విలోనూ ఉంది. పృథ్వి-2 మోసేది వెయ్యి కిలోలు కాదు, అందులో సగం. అందుకే అది ఎక్కువ దూరం పోతుంది. క్షిపణి పరిధి అన్నప్పుడు ఎంత బరువుతో, ఎంత గురితో అని కూడా అడగాలి. ఆ రెండూ లేని పరిధి అంకె ఏమీ చెప్పదు.

పృథ్వి ఎగరడానికి పది నెలల ముందు, 1987 ఏప్రిల్‌లో, ఏడు సంపన్న దేశాలు క్షిపణి సాంకేతికత నియంత్రణ ఒప్పందం, అంటే ఎంటీసీఆర్, చేసుకున్నాయి. 500 కిలోల బరువును 300 కిలోమీటర్లు మోయగల క్షిపణికి పనికొచ్చే ఏ వస్తువునూ బయటి దేశాలకు ఇవ్వకూడదన్నది దాని సారాంశం. అప్పటి పృథ్వి ఆ గీతకు ఇవతలే ఉంది. దాని అన్నలాంటి అగ్ని గీత దాటింది. 1989 మే 22న ఎగిరిన మొదటి అగ్నిలో కింది దశ ఎస్ఎల్‌వీ-3 ఉపగ్రహ వాహకనౌకది, పై దశ పృథ్వి ఇంజన్లది. ఇంటిలో ఉన్న రెండు సామాన్లు కలిపి మూడోది చేశారన్నమాట. ఆంక్షలు గట్టిపడ్డాయి. మిశ్రలోహాలు, జైరోలు, చిప్‌లు, చివరికి కొన్ని మామూలు యంత్ర పరికరాలు కూడా ఆగిపోయాయి. మన దగ్గర ఆధారం ఉండటం కొంత అదృష్టమే. కంచన్‌బాగ్‌లోనే 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ ప్రత్యేక లోహాలు తయారుచేస్తోంది. 1985లో రాజీవ్ గాంధీ శంకుస్థాపన చేసిన రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌లో మార్గనిర్దేశక పరికరాలు తయారుకాసాగాయి. బాలానగర్ వైపు చిన్న వర్క్‌షాపుల్లో లేతు మిషన్ల మీద పనిచేసేవాళ్ళు మైక్రాన్లలో కొలతలు పట్టడం నేర్చుకున్నారు. హైదరాబాద్‌లో తర్వాతి కాలంలో పెరిగిన ప్రైవేటు రక్షణ పరిశ్రమకు వేరు ఇక్కడ ఉంది. 2016 జూన్‌లో అదే ఎంటీసీఆర్‌లో భారత్ సభ్యదేశంగా చేరింది.

ఇక ఆ ఇంజన్ తెచ్చిన తిప్పలు. 1990ల మధ్యలో పృథ్వి సైన్యం చేతికి వచ్చింది. 333 మిస్సైల్ గ్రూప్ పేరుతో ఫిరంగి దళంలో ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఎనిమిది చక్రాల టాట్రా ట్రక్కు మీద క్షిపణి ఉంటుంది. దాని వెంట ఇంధనపు ట్యాంకర్, ఆమ్లపు ట్యాంకర్, క్రేన్, నియంత్రణ వాహనాలు వరసగా కదలాలి. ఆక్సిజన్ అందించేది ఎర్రగా పొగలు కక్కే గాఢ నైట్రిక్ ఆమ్లం. ఇంధనం రెండు సేంద్రియ ద్రవాల మిశ్రమం. ఈ రెండూ ఒకదాన్నొకటి తాకితే చాలు, నిప్పు అక్కర్లేకుండానే భగ్గుమంటాయి. ఇంజన్ లోపల అది సౌకర్యం, మండించే ఏర్పాటు అవసరం లేదు. బయట అదే ప్రాణాంతకం. ఆమ్లం ట్యాంకు లోహాన్ని కూడా తింటుంది, తినకుండా అందులో నిరోధకం కలుపుతారు. ఆ పొగ ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి మిగలడు. అందుకే నింపే జవాన్లు తల నుంచి కాలి దాకా మూసిన రబ్బరు దుస్తులు, ముఖానికి మాస్కులు వేసుకుంటారు. రాజస్థాన్ ఎండలో ఆ దుస్తుల్లో పైపు బిగించి, లీకు ఉందేమో చూసుకుంటూ, ఒక ద్రవం తర్వాత ఇంకో ద్రవం నింపే మనిషిని ఊహించుకోండి. ప్రయోగశాల సౌలభ్యానికి చెల్లించిన ధర ఆ జవాను ఒంటి మీద పడింది. ఈ మాట చెప్పకుండా పృథ్విని పొగడటం న్యాయం కాదు.

ఓడ మీద ఈ తిప్పలు ఇంకా ఎక్కువ. నౌకాదళం కోసం చేసిన రూపం పేరు ధనుష్. 2000 ఏప్రిల్‌లో ఐఎన్ఎస్ సుభద్ర అనే గస్తీ నౌక మీద నుంచి చేసిన మొదటి ప్రయత్నం సరిగా జరగలేదు. మరుసటి ఏడు ఫలించింది. 2005లో ఐఎన్ఎస్ రాజ్‌పుత్ మీద నుంచి కూడా పరీక్షించారు. ఆ రాజ్‌పుత్ ఆఖరికి 2021 మే 21న విశాఖలోనే విధుల నుంచి విరమించింది. అలల మీద ఊగే డెక్కుపై నైట్రిక్ ఆమ్లం నిండిన క్షిపణిని పెట్టుకుని తిరగడం ఏ కెప్టెనూ కోరుకోడు. తర్వాత జలాంతర్గాముల కోసం హైదరాబాద్‌లోనే రూపొందించిన కే-15 పూర్తిగా ఘన ఇంధనంతో వచ్చింది. 2013 జనవరిలో దాన్ని విశాఖ తీరానికి ఆవల నీటి అడుగు వేదిక నుంచి పరీక్షించారు.

సైన్యం ముందు ఇంకో చిక్కు ఉంది. అది ఇంజన్‌ది కాదు, దూరానిది. 150 కిలోమీటర్ల క్షిపణిని సరిహద్దుకు దగ్గరగా పెడితేనే అది దేనికైనా అందుతుంది. దగ్గరగా పెడితే శత్రువు దాన్ని ముందే కొట్టగలడు. కొడతాడేమోనన్న భయంతో మనమే ముందు వాడేయాలనిపిస్తుంది. 1997 జూన్‌లో పృథ్వి క్షిపణులను జలంధర్ దగ్గరికి చేర్చారని ఒక అమెరికా పత్రిక రాసినప్పుడు ఉపఖండమంతా కలకలం రేగింది. మోహరించలేదని ప్రధాని గుజ్రాల్ చెప్పాల్సి వచ్చింది. ఇందాక చెప్పుకున్న మూడు నిమిషాలు ఇక్కడ పనికొస్తాయి. రాడార్ మీద ఒక చుక్క కనిపిస్తే అది నిజమా పొరపాటా, మామూలు పేలుడు పదార్థమా అణ్వాయుధమా అని తేల్చుకోవడానికి అవతలివాళ్ళకు ఉండేది అంత సమయమే. ఫోను ఎత్తి మాట్లాడుకునే వ్యవధి కూడా అందులో ఉండదు. 2005 అక్టోబరు 3న భారత్, పాకిస్తాన్‌లు బాలిస్టిక్ క్షిపణి పరీక్షల గురించి ఒకరికొకరు ముందే చెప్పుకోవాలని ఇస్లామాబాద్‌లో ఒప్పందం చేసుకున్నాయి. ఎంత మనస్పర్ధలున్నా కాపాడుకోవాల్సిన ఒప్పందం అది. దాని విలువ ఏ క్షిపణి విలువకూ తీసిపోదు.

పృథ్వి నేర్పిన విద్య ఇంకో దారిలోనూ పోయింది. 2006 నవంబరు 27న బంగాళాఖాతం మీద ఒక పృథ్వి శత్రు క్షిపణి పాత్ర వేసింది. పృథ్వి నుంచే పుట్టిన ఇంకో క్షిపణి ఎదురెళ్ళి దాన్ని ఆకాశంలోనే కొట్టింది. దాడి క్షిపణి దారిని లెక్కకట్టడం వచ్చినవాళ్ళకే దాన్ని అడ్డుకునే చోటు లెక్కకట్టడం వస్తుంది. ఆ శాఖ మరింత ఎదిగి, నెల్లూరు జిల్లాలో పుట్టిన జి.సతీశ్ రెడ్డి డీఆర్‌డీవో అధిపతిగా ఉన్నప్పుడు, 2019 మార్చి 27న అంతరిక్షంలో తిరుగుతున్న మన ఉపగ్రహాన్నే కొట్టే దాకా వెళ్ళింది.

ద్రవ ఇంధనపు పృథ్వి-1ను విరమింపజేసి ఘన ఇంధనపు క్షిపణిని దాని చోట పెట్టాలని 2013 నాటికే డీఆర్‌డీవో నిర్ణయించుకుంది. 150 కిలోమీటర్ల ప్రహార్‌ను 2011లో పరీక్షించారు. దాని తర్వాత వచ్చిన ప్రళయ్ 2021 డిసెంబరు 22న, మర్నాడు 23న వరసగా రెండుసార్లు ఎగిరింది. ప్రళయ్ పరిధి 150 నుంచి 500 కిలోమీటర్లు, మోసే బరువు 500 నుంచి వెయ్యి కిలోలు. నింపే పని లేదు, ఆమ్లం లేదు, ట్యాంకర్ల వరస లేదు. ఘన ఇంధనాన్ని మధ్యలో ఆపడం కష్టమన్న పాత అభ్యంతరానికి జవాబు దారిలో దొరికింది. ప్రళయ్ పూర్తి బాలిస్టిక్ వంపులో పోదు. ఎత్తు తగ్గించి, చివరలో దిశ మార్చుకుంటూ పోతుంది. విసిరాక చేయి దాటిపోవడం అన్న మాట దీనికి సగమే వర్తిస్తుంది. అలా మెలికలు తిరుగుతూ గురి చూసుకోవాలంటే క్షణక్షణం లెక్క వేసే కంప్యూటర్, నమ్మదగిన జైరోలు కావాలి. అవి ఇమారత్‌లో ఎప్పటి నుంచి తయారవుతున్నాయో పైన చూశాం.

2025 జూలై 17న వ్యూహాత్మక దళాల కమాండ్ చాందీపూర్ నుంచి పృథ్వి-2ను మరోసారి పరీక్షించింది. అదే నెల 28, 29 తేదీల్లో అదే ఒడిశా తీరం నుంచి ప్రళయ్ ఎగిరింది. పాతదీ కొత్తదీ ఇంకా పక్కపక్కనే ఉన్నాయి.

ఆ తీరం గురించి ఒక మాట చెప్పాలి. చాందీపూర్ కేంద్రం పేరులో చాలాకాలం తాత్కాలిక అనే మాట ఉండేది. శాశ్వత కేంద్రాన్ని 1980ల్లో దగ్గర్లోని బలియాపాల్‌లో కడదామనుకున్నారు. తమలపాకు తోటలు, వేరుశనగ, వరి పండే సారవంతమైన నేల అది. అక్కడి రైతులూ జాలరులూ దారులకు అడ్డుకట్టలు వేసి, అధికారి జీపు కనిపిస్తే శంఖాలు ఊది, పళ్ళేలు మోగించి ఊళ్ళన్నిటినీ పోగుచేసి ఏళ్ళ తరబడి అడ్డుకున్నారు. చివరికి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. క్షిపణి కార్యక్రమం ఆగలేదు, వేరే చోటు వెతుక్కుంది. చాందీపూర్ చుట్టుపక్కల పల్లెవాళ్ళను మాత్రం ఇప్పటికీ పరీక్ష రోజుల్లో కొన్ని గంటలు ఇళ్ళు ఖాళీ చేయించి, పరిహారం ఇచ్చి, మళ్ళీ పంపుతున్నారు.

ఇప్పుడు అదే ప్రశ్న మన గడపలోకి వచ్చింది. 2025 మే 2న అమరావతి సభ నుంచి ప్రధాని నరేంద్ర మోదీ కృష్ణా జిల్లా నాగాయలంక క్షిపణి పరీక్షా కేంద్రానికి శంకుస్థాపన చేశారు. ఖర్చు 1,400 కోట్లు దాటుతుంది. కృష్ణ సముద్రంలో కలిసే ఆ చివర మడ అడవులున్నాయి, తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక తిన్నెలున్నాయి, తెల్లవారకముందే పడవ దించే జాలరి కుటుంబాలున్నాయి. కేంద్రం రావడం మేలే. కానీ సముద్రం మూసేసే రోజులు వాళ్ళకు ఎంత ముందుగా తెలుస్తాయి, ఆ రోజు వేట కూలి ఎవరు ఇస్తారు, ఎన్ని రోజులకు చేతికి అందుతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు, మొదటి క్షిపణి లేవకముందే, పంచాయతీ గోడ మీద తెలుగులో రాసి ఉండాలి.